కెమెరా మొరాయిస్తే: రిపేరు షాపుకు పోయే ముందు చేసుకోవాల్సిన పరీక్షలు

"అన్నా, కెమెరా ఆన్ అయితలేదు. రేపు పొద్దుగాల ముహూర్తం ఉంది."

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే హన్మకొండ, కాజీపేట స్టూడియోల్లో ఈ మాట వినపడుతూనే ఉంటుంది. దాని వెంటే ఇంకో మాట వస్తుంది: "బోర్డు పోయిందంటవా?" బోర్డు, అంటే కెమెరా లోపలి సర్క్యూట్, పోవడం అంత తరచుగా జరిగేది కాదు. చాలాసార్లు తప్పు బ్యాటరీలోనో, కార్డులోనో, లెన్స్ వెనక కాంటాక్టుల మీది మురికిలోనో ఉంటుంది. వాటిని చూసుకోకుండా కెమెరా సంకలో పెట్టుకొని హైదరాబాద్ బస్సెక్కితే ఒక రోజు పని పోతుంది, డబ్బులూ పోతాయి.

డీఎస్‌ఎల్‌ఆర్, మిర్రర్‌లెస్ కెమెరాలు వాడే ఎవరైనా ఇంట్లో కూర్చొని చేసుకోగల పరీక్షలు ఇవి. స్క్రూడ్రైవర్ అవసరం ఎక్కడా రాదు, రాకూడదు కూడా. ఫ్లాష్ ఉన్న కెమెరా లోపల ఒక కెపాసిటర్ ఉంటుంది. అందులో దాదాపు 300 వోల్టుల కరెంటు నిలవ ఉంటుంది, బ్యాటరీ తీసేసినా వెంటనే పోదు. యూట్యూబ్ వీడియో చూసి బాడీ విప్పేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. ముందే చెప్తున్నా, బాడీ విప్పొద్దు.

పద్ధతి ఒక్కటే. కెమెరాను నాలుగు భాగాలుగా చూడాలి: బ్యాటరీ, కార్డు, లెన్స్, బాడీ. ఒక్కోసారి ఒక్కదాన్నే మార్చి చూడాలి. టెన్షన్‌లో బ్యాటరీ మార్చి, కార్డు మార్చి, లెన్స్ కూడా మార్చేస్తే కెమెరా పని చేయొచ్చు. కానీ తప్పు దేనిదో తెలియదు, పాడైన ముక్క మళ్లీ సంచిలోకే చేరుతుంది. పక్క స్టూడియో వాళ్లది అదే కంపెనీ కెమెరా అయితే వాళ్ల బ్యాటరీ, లెన్స్ ఒక పది నిమిషాలు అడిగి తెచ్చుకోండి. దానికి మించిన పరీక్షా పరికరం లేదు.

మొదట ఫోటోలు కాపాడుకోండి

కెమెరా ఎలా పాడైనా సరే, మొదటి పని కార్డు తీసి ఫోటోలు కాపీ చేసుకోవడం. కెమెరా ఇంకోటి దొరుకుతుంది. తలంబ్రాలు, అప్పగింతలు మళ్లీ రావు. కెమెరా ఆఫ్ చేసి, కార్డు పని చేస్తున్నప్పుడు వెలిగే చిన్న లైటు ఆరిందాకా ఆగి, అప్పుడు కార్డు తీయండి. కేబుల్‌తో కెమెరాను లాప్‌టాప్‌కు కలపకుండా కార్డు రీడర్ వాడండి. మొరాయిస్తున్న కెమెరాను ఈ పనికి నమ్ముకోవద్దు.

లాప్‌టాప్ "ఈ కార్డును ఫార్మాట్ చేయాలా" అని అడిగితే వద్దనే చెప్పండి. కార్డు ఖాళీగా కనిపించినా అందులోని డేటా చాలాసార్లు అలాగే ఉంటుంది. దాని మీద కొత్త ఫోటోలు పడితేనే పాతవి నిజంగా పోతాయి. అందుకే ఆ కార్డుతో ఇంకొక్క క్లిక్ కూడా కొట్టొద్దు. ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కార్డును వెతికించండి. దొరికిన ఫోటోలను అదే కార్డులో కాకుండా లాప్‌టాప్‌లో సేవ్ చేయండి. పెద్ద కార్డయితే గంటలు పట్టొచ్చు, మధ్యలో ఆపకండి.

అసలు ఆన్ కాకపోతే

ముందు బ్యాటరీ. ఫుల్ చార్జింగ్ చేసిన, నమ్మకమైన ఇంకో బ్యాటరీ వేసి చూడండి. ఆన్ అయితే పని అయిపోయినట్టే. ఇంకో బ్యాటరీ లేకపోతే మల్టీమీటర్‌తో కొలవొచ్చు. 7.2 వోల్టులని రాసి ఉన్న బ్యాటరీ నిండా చార్జ్ అయితే 8.4 వోల్టుల దగ్గర చూపిస్తుంది. రాత్రంతా చార్జర్‌లో ఉండి కూడా 7 దాటలేదంటే ఆ బ్యాటరీ ఆయుష్షు తీరింది. పొట్ట ఉబ్బిన బ్యాటరీని మాత్రం కొలవడం కూడా వద్దు, బలవంతంగా లోపలికి తోయొద్దు. అది లోపల ఇరుక్కుంటే తీయడం పెద్ద పని.

డూప్లికేట్ బ్యాటరీల గురించి ఒక మాట. అవి పని చేయవని కాదు. కానీ కొన్ని కెమెరాలు వాటి చార్జింగ్ శాతాన్ని సరిగా చదవలేవు. సగం ఉందని చూపిస్తూనే టక్కున ఆగిపోతాయి. ముహూర్తం సమయానికి కెమెరాలో ఉండాల్సింది కంపెనీ బ్యాటరీయే. డూప్లికేట్‌ను బరాత్‌కు ఉంచుకోండి.

బ్యాటరీ బాగానే ఉన్నా ఆన్ కాకపోతే బ్యాటరీ మూతను దగ్గరగా చూడండి. కెనాన్ లాంటి చాలా కెమెరాల్లో మూత లోపలి అంచున చిన్న ప్లాస్టిక్ ముక్క పొడుచుకొని ఉంటుంది. మూత మూసినప్పుడు అది బాడీలోని ఒక చిన్న స్విచ్‌ను నొక్కుతుంది. ఆ స్విచ్ నొక్కుకోనంత వరకు మూత తెరిచే ఉందని కెమెరా అనుకుంటుంది. ఆ ముక్క విరిగినా, మూత కొంచెం వదులైనా కెమెరా చచ్చినట్టు పడి ఉంటుంది. మూతను వేలితో గట్టిగా అదిమి పట్టుకొని ఆన్ చేయండి. ఆన్ అయితే మార్చాల్సింది మూతే, బోర్డు కాదు. కార్డు మూతదీ ఇదే కథ.

ఆన్ చేసినప్పుడల్లా తేదీ, టైము పెట్టమని అడుగుతుంటే లోపలి గడియారానికి ఉన్న చిన్న బ్యాటరీ దిగిపోయిందన్నమాట. చాలా కెమెరాల్లో అది పెద్ద బ్యాటరీ నుంచే చార్జ్ అవుతుంది. నిండు బ్యాటరీని ఒకటి రెండు రోజులు కెమెరాలోనే ఉంచి చూడండి.

కార్డు ఎర్రర్ వస్తే

ఎస్‌డీ కార్డుకు ఎడమ అంచున చిన్న లాక్ ఉంటుంది. స్లాట్‌లోకి తోసేటప్పుడు వదులైన లాక్ జారి కిందికి దిగుతుంది, కెమెరా "కార్డు లాక్ అయింది" అంటుంది. పైకి జరిపినా మళ్లీ మళ్లీ జారుతుంటే టేపు అంటించి వాడకండి. టేపు ఊడి స్లాట్‌లో ఉండిపోతే ఇంకో ఖర్చు. ఆ కార్డును పక్కన పెట్టేయండి.

నైకాన్ కెమెరాల్లో కార్డు చదవలేకపోతే సీహెచ్‌ఏ అనీ, ఫార్మాట్ కాకపోతే ఎఫ్‌ఓఆర్ అనీ అక్షరాలు మెరుస్తాయి. కెనాన్‌లో ఎర్ 02 (ఎర్రర్ 02) కార్డుకు సంబంధించిందే. ఫోటోలు కాపీ అయ్యాక కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, లాప్‌టాప్‌లో కాదు. పాత కెమెరాలకు ఇంకో చిక్కుంది. ఎస్‌డీహెచ్‌సీ అనే పాత రకం కార్డుల వరకే తెలిసిన కెమెరా 32 జీబీకి మించిన కార్డును గుర్తించదు. కార్డు మంచిదే, కెమెరా మంచిదే, జోడీ కుదరదంతే.

వీడియో కొన్ని సెకన్లకే ఆగిపోతుంటే కార్డు వేగం చాలడం లేదని అర్థం. కార్డు మీద వీ30 అని ఉంటే సెకనుకు కనీసం 30 ఎంబీ రాయగలదని లెక్క. అలా రాసి ఉన్నా ఆగిపోతుంటే కార్డు నకిలీదేమో చూడాలి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ కార్డు నిండా డేటా రాసి, తిరిగి చదివి అసలు సైజు ఎంతో చెప్తుంది. కొత్త కార్డు కొన్న రోజే ఈ పరీక్ష చేయాలి, పెళ్లి రోజు కాదు.

లెన్స్ దగ్గర కాస్త ఓపిక కావాలి

అనుమానం అందరికీ బాడీ మీద, తప్పు లెన్స్‌లో. నేను ఎక్కువగా చూసేది ఇదే.

కెనాన్‌లో ఎర్ 01 వస్తే కెమెరాకూ లెన్స్‌కూ మధ్య సమాచారం అందడం లేదని అర్థం. ఆఫ్ చేసి, లెన్స్ తీసి, వెనకవైపు బంగారు రంగులో వరుసగా ఉన్న కాంటాక్టులను పొడి మైక్రోఫైబర్ బట్టతో తుడవండి. మొండి మరక ఉంటే బట్టకు ఒక చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దండి. పెన్సిల్ రబ్బరుతో రుద్దమని చాలామంది చెప్తారు, నేను ఒప్పుకోను. రబ్బరు పొడి కెమెరాలో పడుతుంది, పైపూత అరుగుతుంది. బాడీ వైపు పిన్నులు స్ప్రింగు మీద ఉంటాయి. వాటిని మెల్లగా, ఒక్కసారి తుడిస్తే చాలు.

తుడిచినా ఎర్రర్ వస్తుంటే ఈ పరీక్ష చేయండి. కెమెరాను ఏవీ మోడ్‌లో, అంటే ఎపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలో) మనమే ఎంచుకునే మోడ్‌లో పెట్టండి. 18-55 కిట్ లెన్స్ అనుకుందాం. 18 దగ్గర పెట్టి ఎపర్చర్ ఎఫ్/3.5కు తెచ్చి ఒక ఫోటో తీయండి. తర్వాత ఎఫ్/8 పెట్టి ఇంకోటి తీయండి. మొదటిది బాగా వచ్చి, రెండో క్లిక్‌కు ఎర్రర్ పడితే తప్పు దొరికినట్టే. మనం చూస్తున్నంతసేపూ లెన్స్ పూర్తిగా తెరుచుకొనే ఉంటుంది. క్లిక్‌మన్నప్పుడు మాత్రమే లోపలి రెక్కలు మూసుకొని ఎఫ్/8కు వస్తాయి. ఎఫ్/3.5 దగ్గర ఆ రెక్కలు కదలాల్సిన పనే లేదు. కాబట్టి రెక్కలను కదిలించే యంత్రాంగమో, దానికి కరెంటు తీసుకెళ్లే పలుచని ఫ్లెక్స్ కేబులో పోయింది. జూమ్ తిప్పినప్పుడల్లా ఆ కేబుల్ వంగుతూ ఉంటుంది, వాడకం ఎక్కువైతే తెగుతుంది. జూమ్ ఒక చోట పని చేసి ఇంకో చోట చేయకపోతే కేబుల్ మీదే గట్టి అనుమానం పెట్టుకోవచ్చు. షాపుకు పోయి "ఎర్ 01 వస్తోంది" అనకుండా "ఎఫ్/3.5 దగ్గర పడుతోంది, ఎఫ్/8 దగ్గర పడట్లేదు" అని చెప్తే సగం పని మీరే చేసిపెట్టినట్టు. ఆ రోజు ఇంకా షూటింగ్ మిగిలి ఉంటే లెన్స్‌ను పూర్తిగా తెరిచే ఉంచి పని గడుపుకోవచ్చు.

నైకాన్‌లో ఎఫ్‌ఈఈ అని వస్తే చాలామంది హడలిపోతారు. 50 ఎంఎం 1.8డి లాంటి పాత లెన్స్‌లకు ఎపర్చర్ రింగు ఉంటుంది. దాన్ని చివరి అంకె 22కు తిప్పి లాక్ వేస్తే ఆ మాట పోతుంది. అదే లెన్స్ డీ3500, డీ5600 మీద ఆటోఫోకస్ చేయదు. ఆ బాడీల్లో ఫోకస్ మోటారే లేదు. అది రిపేరు కాదు, ఎవరైనా రిపేరు చేస్తామంటే నమ్మకండి.

ఇక కెనాన్‌లో 20, 30 నుంచి 99 దాకా వచ్చే ఎర్రర్లు. బ్యాటరీ తీసి, కాసేపు ఆగి, లెన్స్, కార్డు కూడా తీసి, ఒట్టి బాడీతో క్లిక్ చేయండి. లెన్స్ లేకుండానే ఎర్రర్ వస్తే తప్పు బాడీదే, ఎక్కువగా షట్టర్‌ది. షట్టర్‌కు కంపెనీలు ఒక లెక్క చెప్తాయి. కెనాన్ 80డీకి 1,00,000, నైకాన్ డీ7500కు 1,50,000, డీ850కి 2,00,000 క్లిక్కులు. అది దాటగానే ఆగిపోవాలని లేదు, దాటకముందే పోకూడదనీ లేదు. కానీ సెకండ్ హ్యాండ్ కెమెరా కొనేటప్పుడు ఆ లెక్క అడగాల్సిందే.

ఫోటో వస్తోంది కానీ బాగా రావడం లేదు

మసక. ముందు లెన్స్ పక్కనున్న ఏఎఫ్-ఎంఎఫ్ స్విచ్ చూడండి, సంచిలో రాసుకొని జరిగి ఉంటుంది. వ్యూఫైండర్‌లో మసకగా ఉండి ఫోటో స్పష్టంగా వస్తే కళ్లకు సరిచేసే చిన్న చక్రం తిరిగింది, అంతే.

ఫోటోనే మసకగా ఉంటే ఒక దినపత్రికను గోడకు ఏటవాలుగా ఆనించి, కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టండి. స్టెబిలైజర్ ఆఫ్ చేసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, 2 సెకన్ల టైమర్ పెట్టండి. ఒకే వరుస మీద ఫోకస్ చేసి వ్యూఫైండర్‌తో ఒకటి, లైవ్ వ్యూతో (వెనక తెర మీద చూస్తూ) ఒకటి తీయండి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఈ రెండింటి ఫోకస్ వ్యవస్థలు వేరు. లైవ్ వ్యూలో సెన్సర్ మీద పడిన బొమ్మనే చూసి ఫోకస్ చేస్తుంది. లైవ్ వ్యూ ఫోటో పదునుగా ఉండి, వ్యూఫైండర్‌తో తీసినదాంట్లో ఫోకస్ ముందు వరుసకో వెనక వరుసకో జరిగితే లెన్స్ మంచిదే, సర్దుబాటు తప్పింది. 80డీ, డీ7500 లాంటివాటిలో దాన్ని మెనూలోనే సరిచేసుకోవచ్చు. చిన్న మోడళ్లలో ఆ సౌకర్యం లేదు, సర్వీస్ సెంటర్‌కు పోవాల్సిందే. రెండూ మసకగా ఉంటే లెన్స్‌ను అనుమానించండి.

చుక్కలు. లెన్స్‌ను చేతితో ఫోకస్ చివరకు తిప్పి, ఎఫ్/16, ఐఎస్‌ఓ 100 పెట్టి, మబ్బుల్లేని ఆకాశాన్ని తీయండి. నల్ల చుక్కలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ముంది. ఫోటోలో పైన ఉన్న చుక్క సెన్సర్ మీద కింద ఉంటుంది, ఎందుకంటే బొమ్మ తలకిందులుగా పడుతుంది. మెనూలో మాన్యువల్ క్లీనింగ్ ఎంచుకొని, నిండు బ్యాటరీతో, కెమెరా నోరు కిందికి పెట్టి రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి. నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి. స్ప్రే డబ్బా గాలి అసలే వద్దు. చుక్క వ్యూఫైండర్‌లోనే కనిపించి ఫోటోలో లేకపోతే వదిలేయండి, దానివల్ల నష్టం లేదు.

అడ్డ పట్టీలు. ఫంక్షన్ హాల్లో ఎల్‌ఈడీ లైట్ల కింద ఫోటోలో, వీడియోలో నల్లని అడ్డగీతలు వస్తే కెమెరా పాడైందని అనుకోవద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద నడిచే లైట్లు సెకనుకు 100 సార్లు ఎక్కుతూ తగ్గుతూ ఉంటాయి. షట్టర్‌ను 1/50కో 1/100కో తెచ్చి, మిర్రర్‌లెస్ అయితే ఎలక్ట్రానిక్ షట్టర్ తీసేసి మెకానికల్ పెట్టి చూడండి. ఫ్లాష్ వేసినప్పుడు ఫోటోలో ఒక భాగం నల్లగా వస్తే షట్టర్ వేగం ఎక్కువైంది, 1/200కు దించండి. ఫ్లాష్ లేకుండా, పగటి వెలుతురులోనే 1/1000, 1/4000 దగ్గర సగం ఫోటో నల్లగా వస్తుంటే అది నిజంగా షట్టర్ తప్పే.

మన దగ్గరి దుమ్ము, ఎండ, వాన

మైలపోలు రోజు పసుపు గాలిలోనే ఉంటుంది. లెన్స్ మీద పసుపు పడితే మొదట బ్లోయర్, తర్వాత మెత్తని బ్రష్, చివరికే బట్ట. నేరుగా బట్టతో రుద్దితే గాజు మీద మరక పరుచుకుంటుంది. రెండేళ్లకోసారి మాఘంలో వచ్చే మేడారం జాతర ఇంకా గట్టి పరీక్ష. కాళ్ల కింద లేచే దుమ్ము, బంగారమని పిలిచే బెల్లం పట్టుకున్న చేతుల జిగురు రెండూ కెమెరా మీదికి వస్తాయి. అక్కడ లెన్స్ మార్చే పని పెట్టుకోకుండా ఒకే జూమ్ లెన్స్‌తో పోవడం మేలు. ముందుకు సాగే జూమ్ లెన్స్ తిప్పినప్పుడల్లా గాలిని లోపలికి పీలుస్తుంది, అవసరం లేకుండా తిప్పొద్దు. వచ్చాక రింగు కరకరలాడుతుంటే ఇసుక చేరింది. బలవంతంగా తిప్పితే గీతలు పడతాయి. ముడుచుకునే లెన్స్ ఉన్న చిన్న కెమెరాలు ఇలాగే సగంలో ఇరుక్కొని లెన్స్ ఎర్రర్ చూపిస్తాయి. చుట్టూ అంచుల్లో బ్లోయర్ కొట్టి, బ్యాటరీ మార్చి ఒకసారి చూడండి, చేత్తో లాగొద్దు.

చాలా కెమెరాలు 0 నుంచి 40 డిగ్రీల మధ్య పని చేయడానికి తయారైనవి. మే నెలలో రామగుండం వైపు ఎండ 45 దాటుతుంది. వీడియో మధ్యలో కెమెరా ఆగి థర్మామీటర్ గుర్తు చూపిస్తే అది తనను తాను కాపాడుకుంటోంది. ఆఫ్ చేసి, నీడకు తెచ్చి, బ్యాటరీ, కార్డు మూతలు తెరిచి ఫ్యాను గాలికి పెట్టండి. ఫ్రిజ్‌లోగానీ ఏసీ గాలికి ఎదురుగాగానీ పెట్టొద్దు, లోపల తేమ పడుతుంది.

నీళ్లు పడితే, అది లక్నవరం పడవలో కానీ బొగత జలపాతం దగ్గర కానీ, చేయాల్సింది వెంటనే బ్యాటరీ తీయడం. ఆన్ అవుతుందో లేదో చూడాలని చేయి లాగుతుంది. ఆ ఒక్క నొక్కుతోనే తడిసిన బోర్డులో షార్ట్ అవుతుంది. కార్డు తీయండి, లెన్స్ విప్పండి, పొడి బట్టతో అద్దండి. హెయిర్ డ్రయర్ వద్దు. బియ్యంలో పెట్టడమూ వద్దు, బియ్యప్పొడి సందుల్లో చేరుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో రెండు మూడు రోజులు ఉంచండి. కెమెరా నీళ్లలో మునిగి ఉంటే ఆరాక కూడా ఆన్ చేయకుండా షాపుకు ఇవ్వండి.

వానాకాలంలో కనిపించని శత్రువు బూజు. లెన్స్ వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సన్నని దారాల అల్లిక కనిపిస్తే బూజే. మొదట్లో అయితే శుభ్రం చేయించొచ్చు. ముదిరితే గాజు మీది పూతను తినేస్తుంది, ఆ మచ్చ ఇక పోదు. తోలు సంచుల్లో కెమెరాను నెలలు దాచకండి. బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు తెచ్చుకోండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. నీలం జెల్ గులాబీ రంగుకు మారితే వేడి చేసి మళ్లీ వాడొచ్చు, కానీ వంట పాత్రలో మాత్రం కాదు. ఆ రంగు మందు విషం.

షాపులో ఏం చెప్పాలి

ఎర్రర్ స్క్రీన్‌ను ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఏ పరీక్షకు ఏం జరిగిందో కాగితం మీద రాయండి. తప్పు కనిపించే ఫోటోలు రెండు మూడు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. సెట్టింగులు ఒకసారి రీసెట్ చేసి చూశాకే పోవడం మంచిది. నీళ్లు పడ్డా, కింద పడ్డా దాచకుండా చెప్పండి. దాస్తే మెకానిక్ తప్పుడు చోట వెతుకుతాడు, ఆ టైముకు డబ్బు కట్టేది మనమే.

కార్డు, బెల్టు, అదనపు బ్యాటరీ ఇంట్లోనే ఉంచి, బాడీ, లెన్స్ సీరియల్ నంబర్లు రసీదు మీద రాయించుకోండి. విప్పకముందే అంచనా అడగండి, మార్చిన పాత పార్టు తిరిగి ఇమ్మనండి. పాత ఎంట్రీ లెవెల్ బాడీకి షట్టర్ మార్చే ఖర్చు, అదే మోడల్ సెకండ్ హ్యాండ్ ధరకు దగ్గరగా వస్తే నేనైతే రిపేరు చేయించను. మంచి లెన్స్ విషయంలో మాత్రం అలా తొందరపడొద్దు, అది బాడీల కన్నా ఎక్కువ కాలం పని చేస్తుంది.

తిరిగి తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే బ్యాటరీ, కార్డు వేసి చూడండి. అన్ని షట్టర్ వేగాల్లో, ఎపర్చర్ రెండు చివరల్లో, జూమ్ రెండు చివరల్లో తీయండి. ఫ్లాష్ వెలిగించండి, ఒక నిమిషం వీడియో తీయండి, రెండో కార్డు స్లాట్ ఉంటే అదీ చూడండి. ఎఫ్/16 దగ్గర తెల్ల గోడను తీసి కొత్త దుమ్ము చేరలేదని నిర్ధారించుకోండి. మార్చిన పార్టు పేరు, దానికిచ్చే వారంటీ గడువు బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బులు కట్టండి.